రేడియోలో హరికథ ఆగిపోకుండా ఉండాలంటే

నేను చిత్తూరులో ఉంటాను, హరికథలకు మృదంగం వాయిస్తాను. మా పక్క ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర రోజుల తరబడి భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. నా చెయ్యి తిరిగింది అక్కడే. ఊరు దాటి మా వాయిద్యం వినిపించింది మాత్రం రేడియో వల్లే. అందుకే మేము వాయించే ఒక ఆకాశవాణి స్టేషన్‌లో వారం వారం వచ్చే అరగంట హరికథ కార్యక్రమం చిక్కిపోతుంటే నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు మేం చేసిన పనులు ఇంకో ఊళ్లో ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

కోత పెడుతున్నామని ఎవరూ చెప్పరు. మొదట రికార్డింగ్‌కు పిలుపులు తగ్గుతాయి. పాతవే మళ్లీ మళ్లీ వేస్తారు. రాత్రి వచ్చేది మిట్టమధ్యాహ్నానికి మారుతుంది, అప్పుడు వినేవాళ్లంతా చేన్లో ఉంటారు. చివరికి "వినేవాళ్లే లేరండీ" అంటారు.

కాబట్టి ముందు ఒక నోట్‌బుక్ కొనండి. తేదీ, మొదలైన టైమ్, అయిపోయిన టైమ్, ఎవరు చెప్పారు, ఏ కథ, కొత్తదా పాతదా అని గళ్లు గీసి ప్రతి వారం రాయండి. పాతదని ఎట్లా తెలుస్తుందంటారా? ఒకసారి రుక్మిణీ కల్యాణంలో భాగవతారు చిన్నగా దగ్గి, గొంతు సవరించుకుని మళ్లీ శ్రుతి అందుకున్నారు. ఆరు వారాల తరవాత అదే పద్యం ముందు అదే దగ్గు వినబడింది. రెండు తేదీలూ పక్కపక్కన రాసుకున్నాను. నాలుగు నెలలు రాసేసరికి సగానికి పైగా పాతవేనని తేలింది. అంతకు ముందు "తగ్గించేశారు సార్" అని ఎన్నిసార్లు చెప్పినా కదలని వాళ్లు ఆ పేజీలు చూసి కుర్చీ చూపించారు.

తరవాత సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ చాలు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, రాకపోతే మొదటి అప్పీలు వేసుకోవచ్చు. మొదటిసారి నేను "ఎందుకు తగ్గించారు?" అని అడిగాను. అది సమాచారం కాదని తిప్పి పంపారు. ఫైలులో ఉన్నదే అడగాలని అప్పుడు అర్థమైంది. మూడేళ్లలో కొత్త రికార్డింగులెన్ని, పునఃప్రసారాలెన్ని, కళాకారుల పారితోషికానికి ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు పెట్టారు, ఆడిషన్ చివరగా ఎప్పుడు పెట్టారు. ఈ చివరి ప్రశ్న మరిచిపోవద్దు. ఆడిషన్ లేకపోతే కొత్తవాళ్లకు గ్రేడ్, అంటే ఆకాశవాణి కళాకారుడికి ఇచ్చే స్థాయి, రాదు; గ్రేడ్ లేకపోతే బుకింగ్ రాదు. కొన్నేళ్లకు "కళాకారులే లేరు" అన్న మాట నిజమైపోతుంది.

స్టేషన్‌లో వాళ్లతో గొడవ పెట్టుకోకండి. ఖాళీలు నింపక, ఒక్కరే ముగ్గురి పని చేస్తూ వాళ్లకూ టెన్షనే. డబ్బు పైనుంచి రావాలి, కొన్ని నిర్ణయాలూ అక్కడే జరుగుతాయి. ఆకాశవాణి నేషనల్ ఛానెల్‌నూ, హైదరాబాదుతో సహా ఐదు నగరాల్లోని శిక్షణ కేంద్రాలనూ మూసేయమని 2018 డిసెంబరులో ఉత్తర్వు వచ్చింది ఢిల్లీ నుంచే. అందుకని ఎంపీని కలవండి. మా పక్క తిరుపతికి ఒకరు, చిత్తూరుకు ఒకరు ఉన్నారు. 377వ నిబంధన కింద లోక్‌సభలో ప్రస్తావించమని అడగండి. కాగితం ఒక్క పేజీ దాటకూడదు. ఆకాశవాణిని నడిపేది ప్రసార భారతి సంస్థ, కాబట్టి అందులో 1990 నాటి ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్ తప్పకుండా రాయండి. దేశంలోని వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగినంత చోటు ఇవ్వడం ఆ సంస్థ విధుల్లో ఒకటని అందులో ఉంది. మనం అడిగేది దయ కాదు.

వినేవాళ్లతో స్టేషన్‌కు పోస్టుకార్డులు కూడా రాయించండి, కానీ ఒకే మాట అచ్చు వేసి వందమందితో సంతకాలు పెట్టించొద్దు, వాటిని కట్టగట్టి పక్కన పడేస్తారు. ఎవరి ఊరు, ఎవరు విన్న కథ వాళ్లే రాయాలి. పుత్తూరు దగ్గరి ఒక అవ్వ పెన్సిలుతో రాసిన కార్డు నేనే డబ్బాలో వేశాను. "పోయిన శుక్రవారం ద్రౌపదమ్మ కథ సగంలో ఆపేసి వార్తలు పెట్టినారు. మిగతా సగం ఎప్పుడు వేస్తారు నాయనా?" అంతే ఉంది అందులో. ఆ కార్డును మీటింగులో చదివి వినిపించారని తరవాత తెలిసింది. రెండు నెలలకు ఆ కథ మొదటినుంచీ వేశారు.

ఆఖరున పాత టేపుల సంగతి. ఎవరెవరి కథలు ఉన్నాయి, డిజిటల్ చేశారా లేదా అని లిఖితపూర్వకంగా అడగండి. లేబుల్ ఊడిపోయిన టేపుల్లో గొంతు ఎవరిదో గుర్తుపట్టగలిగే ముసలివాళ్లు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. మేము వచ్చి విని పేర్లు రాసిస్తామని ఆ ఉత్తరంలోనే చెప్పండి. వాళ్లు ఉన్నప్పుడే ఆ పని చేయించుకోవాలి.