మొదటి కోడి చచ్చిన రోజే కారణం వెతకండి: ఎండలు ముదిరేలోపు పెరటి కోళ్లకు జాగ్రత్తలు

శివరాత్రి దగ్గర పడిందంటే మా అమ్మకు కోళ్ల మీద బెంగ మొదలవుతుంది. నాలుగేళ్ల కిందట ఇవే రోజుల్లో మా పెరట్లో చిన్నా పెద్దా కలిపి 23 కోళ్లు ఉండేవి. 12 రోజులు తిరిగేసరికి ఒక పుంజు, ఒక ముసలి పెట్ట మిగిలాయి. మొదట పోయింది ఎర్రపెట్ట. పొద్దున గంప ఎత్తేసరికి బిగుసుకుపోయి ఉంది. పురుగు ముట్టిందేమో అనుకుని తీసుకెళ్లి చెరువు గట్టున పారేశాం. మూడో రోజు ఇంకో రెండు తూగుతూ కనిపించాయి. ఐదో రోజుకు ఆకుపచ్చ రెట్టలు మొదలయ్యాయి. అప్పటికే పక్కింటి వాళ్ల కోళ్లు కూడా తలలు వాల్చేశాయి. ఎనిమిదో రోజున చచ్చినదాన్ని పశువైద్యశాలకు పట్టుకెళ్తే, డాక్టరు గారు కోసి, కందనకాయకు పైన ఉండే చిన్న కడుపు లోపలి గోడ మీద ఎర్రటి రక్తపు చుక్కలు చూపించారు. కొక్కెర తెగులు. ఎర్రపెట్ట చావడానికి వారం ముందు సంతలో రెండు పెట్టలు కొని తెచ్చి, నేరుగా అదే గూట్లో వదిలింది నేనే.

ఎర్రపెట్టను పారేయకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే కనీసం పక్కిళ్ల కోళ్లకైనా బతికే అవకాశం ఉండేది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. పది కోళ్లు పోయాక కారణం తెలిసి లాభం లేదు. మొదటి కోడి దగ్గరే తెలియాలి.

ఎండాకాలం ముందు అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది ఈ కొక్కెరకే. ఇది వైరస్ జబ్బు. కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో 1920లలో గుర్తించారు కాబట్టి మన దేశంలో రాణిఖేత్ జబ్బు అనే పేరు నిలిచిపోయింది. వచ్చాక మందు లేదు. టీకా లేని కోళ్లలో పడితే ఊళ్లో గూళ్లన్నీ ఖాళీ చేసి పోతుంది. సంక్రాంతి పందేలకు, ఆ తర్వాత జాతరలకు, సంతలకు కోళ్లు ఊరూరూ తిరుగుతాయి. జబ్బు కూడా వాటితోపాటే తిరుగుతుంది. వైరస్ ఒంట్లో చేరాక బయటపడడానికి సాధారణంగా ఐదారు రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు కూడా పట్టవచ్చు. అందుకే సంతలో నిగనిగలాడుతూ కనిపించిన కోడి ఇంటికొచ్చాక పడిపోతుంది. కొత్త కోడిని ఎవరిచ్చినా, చుట్టాలిచ్చినా సరే, మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్ల మూకుడుతో, మీ కోళ్లకు దూరంగా ఉంచండి. ముందు మీ కోళ్లకు మేత వేసి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లండి. పందేనికి పోయి తిరిగొచ్చిన పుంజుకైనా ఇదే పద్ధతి.

టీకా సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది వేయించామంటారు గానీ వేయించిన తీరు తప్పు. కోడిపిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో ఎఫ్1 లేదా లసోటా టీకా కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేయాలి. నాలుగు వారాలప్పుడు లసోటా మరోసారి. ఎనిమిదో వారంలో ఆర్2బి అనే టీకా, 0.5 మి.లీ. చర్మం కింద సూదితో వేయాలి. ఆ తర్వాత ఆరు నెలలకోసారి. ఈ ఆర్2బిని చిన్న పిల్లలకు వేయకూడదు, టీకాయే వాటిని జబ్బు చేస్తుంది. వేసిన రోజు నుంచి పూర్తి రక్షణ రావడానికి రెండు వారాల దాకా పడుతుంది కాబట్టి పక్క వీధిలో కోళ్లు చస్తున్నాయని తెలిశాక పరిగెత్తితే ఆలస్యమైనట్టే. మాఘంలోనే అయిపోవాలి. దానికి వారం పది రోజుల ముందు నులిపురుగుల మందు తాగించండి. కడుపు నిండా పురుగులున్న కోడికి టీకా సరిగా పట్టదు.

టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. జేబులో పెట్టుకుని బైకు మీద తెస్తే అది టీకా కాదు, ఉత్త నీళ్లు. ఫ్లాస్కులో ఐసు వేసి తెండి. కలిపాక గంట, మహా అయితే రెండు గంటల్లో వేసేయాలి. మిగిలింది రేపటికి పనికిరాదు. సాధారణంగా సీసాకు 100 మోతాదులు వస్తాయి, ఒక్క ఇంట్లో అన్ని కోళ్లుండవు. అందుకే నాలుగైదు ఇళ్లు కలిసి ఒకే రోజు వేయించుకోవడం మంచిది. పైగా మీ కోళ్లకు వేసి పక్కింటి కోళ్లను వదిలేస్తే ఊళ్లో జబ్బు తిరుగుతూనే ఉంటుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. గూట్లో జబ్బు అప్పటికే మొదలై ఉంటే ఒకే సూదితో వరసగా పొడుచుకుంటూ పోవద్దు, జబ్బును మన చేత్తోనే పంచినట్టవుతుంది.

కొక్కెరను గుర్తుపట్టడంలో ఎండల వల్ల పెద్ద చిక్కు ఉంది. కోళ్లకు చెమట పట్టదు. మధ్యాహ్నం ఎండకు ముక్కు తెరిచి రొప్పుతాయి, రెక్కలు ఎడంగా పెడతాయి. కొక్కెర వచ్చిన కోడి కూడా ముక్కు తెరిచే ఊపిరి తీస్తుంది. పగలు చూస్తే ఏది ఏదో తెలియదు. రాత్రి, ఊరు సద్దుమణిగాక, లైటు వేయకుండా గూటి దగ్గర ఐదు నిమిషాలు నిలబడి వినండి. ఎండ దెబ్బ అయితే చల్లబడ్డాక రొప్పు ఆగిపోతుంది. గురకలా, గరగరమని శబ్దం వస్తుంటే, మధ్యమధ్య తుమ్ముతుంటే అది ఎండ కాదు. మరుసటి రోజు పొద్దున గుడ్లు తగ్గాయా, రెట్ట పచ్చగా నీళ్లలా ఉందా, ఏదైనా మెడ మెలి తిప్పుతోందా చూడండి. మెడ తిరిగిపోవడం, కాళ్లు రెక్కలు పడిపోవడం కొక్కెరలో తర్వాత వచ్చే గుర్తులు. అవి కనిపించేదాకా ఆగొద్దు.

అన్ని చావులూ కొక్కెర కావు. ఊళ్లో ఏ కోడి చచ్చినా కొక్కెర అనేస్తారు, దాంతో అసలు కారణం మరుగున పడిపోతుంది. చచ్చిన కోడిని చూడగానే చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని మెడ కింద మేత సంచి తడిమి చూడండి. నిండుగా ఉంటే నిన్న సాయంత్రం దాకా బాగానే తిన్నదన్న మాట. అది ఉన్నట్టుండి పోయింది. ఖాళీగా, రొమ్ము ఎముక కత్తిలా తగులుతుంటే చాలా రోజులుగా లోపల తినేస్తున్న జబ్బేదో ఉంది. ఈ ఒక్క చిన్న పరీక్షతో సగం దారి తెలుస్తుంది.

సంచి నిండుగా ఉండి, ఒకే పూట మూడు నాలుగు కొట్టుకుని చచ్చిపోతే మొదట విషం అనుకోవాలి. అవి ఏ చేనుకు వెళ్లాయి, పక్కవాళ్లు పురుగు మందు ఎప్పుడు కొట్టారు, మందు పట్టించిన విత్తనాలు గట్టు మీద పోశారా, ఎలుకల మందు ఎక్కడ పెట్టారు, ఇవి అడగండి. తడిసి బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క కూడా విషమే. మనం తినలేనిది కోళ్లకు వేద్దాంలే అనుకునే అలవాటు మానాలి. చచ్చిన జంతువు మీది పురుగుల్ని తిన్న కోళ్లకు మెడ నిలబడదు, గుడ్డ పీలికలా వేలాడిపోతుంది. కొక్కెరలో మెడ మెలి తిరుగుతుంది, ఇందులో జారిపోతుంది. తేడా అదే.

రొమ్ము ఎముక తేలి, తురాయి పాలిపోయి ఉంటే కడుపులో నులిపురుగులో, లేదా గూటి పగుళ్లలో దాక్కునే పిడుదులో కారణం. ఈ పిడుదులు పగలు కనిపించవు, రాత్రిపూటే బయటికొచ్చి రక్తం పీలుస్తాయి. టార్చి లైటుతో గూటి చెక్కల సందులు చూడండి. పొదిగే పెట్ట కూర్చున్న చోటే చచ్చిపోతే ఇది తప్పకుండా చూడాల్సిన చోటు. ఎండలు రాకముందే గూడు ఖాళీ చేసి, పగుళ్లు మట్టితో పూడ్చి, సున్నం కొట్టండి.

పిల్లలే చస్తూ రెట్టలో రక్తం కనిపిస్తే అది రక్త పారుడు, కాక్సిడియోసిస్. తడిసిన ఊక దీనికి పుట్టిల్లు కాబట్టి వానాకాలంలో ఎక్కువ. ఇప్పుడైనా నీళ్ల మూకుడు చుట్టూ తడి లేకుండా చూసుకోండి. ఇది త్వరగా కనిపెడితే మందుతో తగ్గుతుంది, నీళ్లలో కలిపే ఆంప్రోలియం డాక్టరు చెప్పిన లెక్కలో ఇస్తారు. తురాయి మీద, కళ్ల చుట్టూ పొక్కులు కడితే అది మశూచి, దోమలు మోసుకొస్తాయి. దానికీ టీకా ఉంది.

ఇక బర్డ్ ఫ్లూ. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో హెచ్5ఎన్1 నిర్ధారణ అయింది. రెండుసార్లూ ఫిబ్రవరిలోనే. తల, తురాయి వాచి నీలంగా మారడం, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు, ఒక్కసారిగా గూటికి గూడే పడిపోవడం, చుట్టుపక్కల కాకులు కూడా చచ్చి పడడం కనిపిస్తే అసలు చెయ్యి పెట్టకండి. కొన్నిసార్లు కొక్కెరకు, దీనికి పైపై చూపుతో తేడా తెలియదు. అందుకే ఇంట్లో కోసి చూడొద్దని గట్టిగా చెబుతున్నా. కోయడం డాక్టరు పని. చేయాల్సింది ఒక్కటే, పశువైద్యశాలకు గానీ 1962 నంబరుకు గానీ ఫోను చేయడం. ఒకటో రెండో విడిగా చచ్చి, ఈ గుర్తులేవీ లేకపోతే రెండు కవర్లలో చుట్టి, ఐసు ముక్కలు పెట్టి అదే పూట తీసుకెళ్లండి. డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించొద్దు, లోపలి భాగాలు పాడై ఏమీ తెలియదు.

జబ్బు కోడిని కోసుకుని తినేయడం, ఇంకా బతికి ఉన్నవాటిని గబగబా సంతకు తోలేయడం మన ఊళ్లలో మామూలే. ఎందుకు చేస్తారో నాకు తెలుసు. ఐదారు వేల రూపాయల కోళ్లు కళ్ల ముందు పోతుంటే ఎంతో కొంత రాబట్టుకోవాలని ఎవరికైనా ఉంటుంది. కానీ మాకు జబ్బు వచ్చిందీ అలా ఎవరో అమ్మేసిన కోళ్లతోనే. చచ్చినవాటిని కాలువలో, చెరువులో వేయొద్దు, కుక్కలకు వేయొద్దు. మూడడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. ఇంట్లో చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. జబ్బు పోయాక కూడా గూడు కడిగి, సున్నం కొట్టి, నెల రోజులైనా ఖాళీగా ఉంచి, ఆ తర్వాతే కొత్త కోళ్లు తేవాలి.

మనుషులకు వాడే టెట్రాసైక్లిన్ బిళ్లలు పొడి చేసి పోయడం కూడా చూస్తుంటాను. వైరస్ మీద అవి పనిచేయవు. ఉల్లిపాయ, వెల్లుల్లి, పసుపు ముద్దలు పెడితే హాని లేదు గానీ వాటిని నమ్ముకుని రెండు రోజులు పోగొట్టుకుంటే మాత్రం నష్టం.

ఎండ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి పొడుగు చేయను. మేత పొద్దున్నే, మళ్లీ చల్లబడ్డాక వేయండి. మట్టి మూకుళ్లలో నీళ్లు నీడలో రెండు మూడు చోట్ల పెట్టి మధ్యాహ్నం మార్చండి. రేకుల గూడైతే పైన కొబ్బరి మట్టలో గడ్డో కప్పండి, చుట్టూ తడి గోనె పట్టాలు వేలాడదీయండి. మధ్యాహ్నం గంప కింద మాత్రం మూయొద్దు.

మా అమ్మ ఇప్పుడు గోడ మీది క్యాలెండర్‌లోనే అన్నీ రాస్తుంది. కొత్త కోడి వచ్చిన తేదీ, టీకా తేదీ, ఏదైనా చస్తే ఆ తేదీ, రెట్ట రంగు. పోయిన ఏడాది ఒక పిల్ల చచ్చినప్పుడు డాక్టరు గారు అడిగినవాటికి ఆ కాగితం చూసే జవాబు చెప్పింది. ఈసారి మా వీధిలో ఏడు ఇళ్ల కోళ్లు లెక్కేస్తే 90 దాకా తేలాయి. ఒక సీసాకు సరిపోతాయి. గురువారం తెల్లవారుజామున ఎవరూ గంపలు ఎత్తొద్దని ఇంటింటికీ చెప్పి వచ్చింది.