జాజ్, ఆర్కెస్ట్రా, ఎలక్ట్రానిక్ కలిసిన కొత్త ఆల్బమ్‌ను వినే పద్ధతి

సినిమా పాటలకు అలవాటుపడిన చెవికి జాజ్ వాద్యాలు, ఆర్కెస్ట్రా, ఎలక్ట్రానిక్ ధ్వనులు కలిసిన ఆల్బమ్ మొదటిసారి వినగానే ఇందులో అసలు పాట ఎక్కడుందన్న సందేహం కలుగుతుంది. గొంతు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ వినడమే దానికి కారణం. ఇటువంటి సంగీతంలో చాలాసార్లు గాయకుడే ఉండడు కనుక, ముందుగా బేస్‌ను, అంటే అన్నిటికన్నా కింది స్థాయిలో పలికే మంద్ర వాద్యాన్ని పట్టుకుని, దాని ఆధారంగా మిగతా వాద్యాలను వినడం అలవాటు చేసుకోవాలి.

దానికి తగిన వేళనూ చోటునూ మొదట చూసుకోవాలి. మన సినిమా పాటలను మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు ఒకే స్థాయిలో వినిపించేలా తయారుచేస్తారు. ఆర్కెస్ట్రా ఉన్న ఆల్బమ్‌లోనైతే వయొలిన్లు వినీవినపడనట్టుగా మొదలై, కొన్ని నిమిషాల తర్వాత గది నిండేంతగా పెరగవచ్చు. మే నెల మధ్యాహ్నం నెల్లూరులో ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుండగా వింటే, ఆ మెల్లని భాగాలన్నిటినీ ఫ్యానే మింగేస్తుంది. వాటి కోసం వాల్యూమ్ పెంచితే తరువాత వచ్చే పెద్ద భాగం చెవులను బాధిస్తుంది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల పక్కన ఉండేవారికి రాత్రంతా చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల మోత తప్పదు కాబట్టి, అక్కడ చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్లే మార్గం. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ట్రంకు రోడ్డుకు దగ్గరగా ఉన్న ఇళ్లలో తెల్లవారుజాము మంచి సమయం.

ఫోన్ స్పీకరుతో మాత్రం వినకూడదు. బేస్ వాద్యాల్లో ఒకటైన డబుల్ బేస్ వయొలిన్ ఆకారంలో మనిషి ఎత్తున ఉంటుంది. మామూలు డబుల్ బేస్‌లో అతి మందమైన తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు దాదాపు 41 కంపనాలతో పలుకుతుంది. ఫోన్ స్పీకరు ఆ స్థాయికి దిగలేదు కనుక మనం ఆధారంగా పెట్టుకోవలసిన వాద్యమే దాదాపు మాయమవుతుంది. యాప్‌లో పాటల వరుసను తారుమారు చేసే షఫుల్, ఒక పాట చివరను తరువాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్, ధ్వని పాళ్లను మార్చే ఈక్వలైజర్ మూడింటినీ ఆపివేయాలి. ఉదయగిరి కొండల వైపు సిగ్నల్ నిలకడగా లేని ఊళ్లలో, యాప్‌లో డౌన్‌లోడ్ సౌకర్యం ఉంటే ఆల్బమ్‌ను ముందే దించుకోవడం మేలు.

మొదటిసారి ఏమీ వెతకకుండా, ఎక్కడా ఆపకుండా మొత్తం వినాలి. రెండోసారి బేస్‌ను మాత్రమే అనుసరించాలి. అది వేలితో మీటిన డబుల్ బేసా, ఎలక్ట్రానిక్ పద్ధతిలో ధ్వనిని పుట్టించే సింథసైజర్ బేసా అన్నది కొంచెం శ్రద్ధ పెడితే తెలుస్తుంది: మీటిన తీగ నాదం క్రమంగా తగ్గిపోతుంది, వేలు జారిన చప్పుడు కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది, సింథసైజర్ నాదం కావలసినంత సేపు ఒకే బలంతో నిలిచి, ఒక్కసారిగా తెగిపోగలదు. డ్రమ్స్‌లోనూ ఇటువంటి పరీక్ష ఉంది, కాని అది కొంత మోసం చేస్తుంది. నిజమైన డ్రమ్మరు వాయించిన ముక్కను కోసి పదేపదే తిప్పి వాడడం ఈ రంగంలో మామూలే కాబట్టి, ప్రతి చుట్టులోనూ అదే చిన్న తడబాటు అదే చోట వినిపిస్తే అది అలా తిప్పిన ముక్కేనని గ్రహించవచ్చు.

కర్ణాటక సంగీత కచేరీలు విన్నవారికి ఇక్కడ ఒక సౌలభ్యం, ఒక చిక్కు ఉన్నాయి. శాక్సఫోన్ అసలు బాణీని వదిలి తన మనోధర్మం ప్రకారం విహరించి తిరిగి రావడం వారికి వింతగా తోచదు. కాని మన సంగీతంలో శ్రుతి కదలదు. ప్రతి స్వరం విలువ షడ్జం నుంచే తెలుస్తుంది. జాజ్‌లో స్వరం మారకపోయినా కింద ఉన్న కార్డ్, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపు మారితే దాని రంగు మారిపోతుంది. ఇది అర్థం కావడానికి ఒక అభ్యాసం చేయవచ్చు: పాట నెమ్మదిగా సాగే చోట ఒకే స్వరాన్ని నోటితో మెల్లగా పట్టుకుని, బేస్ కదిలినప్పుడల్లా ఆ స్వరం ఒకసారి కుదురుగా, మరోసారి ఎటో లాగుతున్నట్టుగా ఎలా మారుతుందో గమనించాలి. నా ఉద్దేశంలో ఈ ఒక్క అభ్యాసం చేసినవారికి మిగతా వివరణలతో పెద్దగా పని ఉండదు.

ఈ అభ్యాసానికి 2021 మార్చిలో విడుదలైన ‘ప్రామిసెస్’ అనుకూలమైన ఆల్బమ్. ఫ్లోటింగ్ పాయింట్స్ అనే పేరుతో సంగీతం చేసే ఇంగ్లండ్ కళాకారుడు, అప్పటికి 80 ఏళ్ల శాక్సఫోన్ విద్వాంసుడు ఫారో శాండర్స్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా కలిసి చేసిన ఆ కృతిలో 9 భాగాలున్నాయి. మొత్తం నిడివి ముప్పావు గంటకు కొద్దిగా ఎక్కువ. ఒక చిన్న స్వరగుచ్ఛం దాదాపు అంతటా తిరిగి తిరిగి వస్తూ ఉండడం వల్ల కొత్త శ్రోతకు దారి తప్పే భయం తక్కువ. నాలుగో భాగంలో శాండర్స్ గొంతు మాటలు లేకుండా వినిపిస్తుంది, ఆరో భాగంలో తీగ వాద్యాలు ఉప్పొంగుతాయి.

మూడోసారి ఆర్కెస్ట్రాలోని వయొలిన్ల వంటి తీగ వాద్యాలను వినాలి, ఆల్బమ్ మీద తీర్పు కూడా అప్పుడే చెప్పాలి. వయొలిన్ల గుంపును పైన కప్పితే ఎంత పలుచని బాణీ అయినా గంభీరంగా తోస్తుంది. కొందరు ఎలక్ట్రానిక్ సంగీతకారులు ఈ సులువును విచ్చలవిడిగా వాడుకుంటారు. తీగ వాద్యాలను మనసులోనే తీసేసి చూసినప్పుడు బేస్, డ్రమ్స్, సింథసైజర్ల మధ్య సంభాషణ ఏదైనా మిగులుతోందా అని చూడాలి. మిగిలితే యాప్‌లోని క్రెడిట్స్‌ తెరిచి, బేస్ వాయించినవారి పేరు, తీగ వాద్యాల అరేంజ్‌మెంట్ (ఏ వాద్యం ఎక్కడ ఏమి వాయించాలన్న కూర్పు) రాసినవారి పేరు చూసుకుని, తరువాత వినవలసిన ఆల్బమ్‌ను వారి పేర్ల మీదే వెతుక్కోవచ్చు.