మెయిల్ అటాచ్‌మెంట్లతో వచ్చే వార్మ్‌లకు చిక్కకుండా ఉండడం ఎలా?

తెలిసినవాళ్ల మెయిలే కదా అని అటాచ్‌మెంట్ తెరిచేస్తాం. వార్మ్‌కు, అంటే తన కాపీలు తానే చేసుకుంటూ పాకే హానికర ప్రోగ్రామ్‌కు, కావలసిందీ అదే. ఒక కంప్యూటర్లో దూరగానే అందులోని అడ్రస్ బుక్ పట్టుకుని, ఆ కంప్యూటర్ వాడే మనిషి పేరుతోనే అందరికీ తన కాపీలు పంపేస్తుంది. కాబట్టి పంపినవాళ్ల పేరు కాదు, ఫైల్ పేరు చివర ఏముందో చూడాలి.

1. ముందు ఆ చివరి భాగం, అంటే ఎక్స్‌టెన్షన్, కనబడేలా చేసుకోండి. విండోస్ మామూలుగా దాన్ని దాచేస్తుంది. 2000 మే నెలలో 'ఐ లవ్ యూ' వార్మ్ ప్రపంచాన్ని చుట్టేసింది ఈ సందులోంచే. దాని ఫైల్ పేరు 'లవ్-లెటర్-ఫర్-యూ.టీఎక్స్‌టీ.వీబీఎస్'. చివరి 'వీబీఎస్' దాగిపోవడంతో చాలామందికి అది ఉత్త టెక్స్ట్ ఫైల్‌లా కనబడింది. నొక్కగానే అందులోని స్క్రిప్ట్, అంటే కంప్యూటర్‌కిచ్చే ఆదేశాల వరుస, నడిచి, ఫొటో ఫైళ్లను చెరిపి వాటి స్థానంలో తన కాపీలు పెట్టింది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ వరుసగా నొక్కండి.

2. ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, వీబీఎస్, జేఎస్, ఎల్ఎన్‌కే అని ముగిసే అటాచ్‌మెంట్ మెయిల్లో వస్తే ముట్టుకోకండి. జిప్ ఫైల్ పంపి, పాస్‌వర్డ్ కూడా అదే మెయిల్లో రాశారా? ఇంక ఆ తాళం ఎవరికి వేసినట్టు? చాలాసార్లు మీ యాంటీవైరస్‌కే, అది లోపలికి చూడకుండా.

3. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు 'ఎనేబుల్ కంటెంట్' నొక్కమంటే నొక్కకండి. అలా నొక్కితే ఫైల్లో దాగిన మాక్రో, అంటే చిన్న ప్రోగ్రామ్, నడవొచ్చు. 1999లో మెలిస్సా అనే వైరస్ ఇలాంటి మాక్రోతోనే అడ్రస్ బుక్‌లోని మొదటి 50 మందికి తనను పంపుకుంది.

4. అనుమానం వస్తే ఫోన్ చేసి అడగండి. ఆ మెయిల్‌కే జవాబిస్తే, అకౌంట్ దొంగ చేతిలో ఉన్నప్పుడు 'అవును, నేనే పంపాను' అనేది ఆ దొంగే.

5. పొరపాటున తెరిచేశారా? టెన్షన్ పడుతూ కూర్చోకుండా వెంటనే వైఫై ఆపండి, కేబుల్ ఉంటే పీకేయండి. విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి. సెంట్ ఫోల్డర్ ఖాళీగా ఉందని ఊరుకోవద్దు. 2004 నాటి మైడూమ్ లాంటి వార్మ్‌లు మీ మెయిల్ ప్రోగ్రామ్‌తో పనిలేకుండా సొంతంగానే మెయిళ్లు పంపుతాయి. మీ కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకు ఫోన్ ద్వారా ఒక మాట చెప్పి, మీ పేరుతో వచ్చిన అటాచ్‌మెంట్ తెరవొద్దనండి.