రౌటర్ కొనేముందు కంపెనీని ఎలా పరీక్షించాలి?

వైఫై రౌటర్ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే ఏసీ1200 వంటి అంకెను చూసి కొనేవారే ఎక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 867 మెగాబిట్లను కలిపి, పైకి సవరించి వేసిన అంకె అది. ఈ తరగతి రౌటర్లకు ఫోను ఒకసారి ఒక్క బ్యాండ్‌లోనే కలుస్తుంది కనుక అంత వేగం ఏ ఒక్క పరికరానికీ అందదు.

అంతకన్నా ముందు వెనుకవైపు పోర్టులను, అంటే కేబుల్ గుచ్చే చోట్లను చూడాలి. టీపీ-లింక్ ఆర్చర్ సీ50, ఆర్చర్ సీ6 రెండూ ఏసీ1200 పేరుతోనే వచ్చినా, మొదటిదాని పోర్టులు 100 మెగాబిట్లవి, రెండోదానివి గిగాబిట్‌వి, అంటే 1000 మెగాబిట్లవి. 300 మెగాబిట్ల ఫైబర్ ప్లాన్‌కు మొదటిదాన్ని తగిలిస్తే మూడింట రెండు వంతుల వేగం ఆ పోర్టు దగ్గరే ఆగిపోతుంది. కంపెనీ పేరు ఎంత మంచిదైనా మోడల్‌ను విడిగా చూసుకోక తప్పదు.

ఇక కంపెనీ నమ్మకం తేలేది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల దగ్గరే అని నా గట్టి అభిప్రాయం. రౌటర్ అడుగున అంటించిన కాగితం మీద మోడల్ పేరు పక్కనే హార్డ్‌వేర్ వెర్షన్ ఉంటుంది. పేరు ఒక్కటే అయినా వెర్షన్ మారితే లోపలి చిప్ మారవచ్చు, అప్‌డేట్లూ వేరవుతాయి. కంపెనీ సపోర్ట్ పేజీలో సరిగ్గా ఆ వెర్షన్‌కు చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో, అందులో భద్రతా లోపాలను సరిచేశారో లేదో చదవండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో లొంగదీసుకుంది. అందుకే మొదటిసారి ఆన్ చేసినప్పుడే పాస్‌వర్డ్ మార్పించే, అప్‌డేట్లు తనంతట తానే వేసుకునే రౌటర్‌కు మొగ్గు చూపాలి. వైఫైకి రక్షణ కల్పించే భద్రతా ప్రమాణం డబ్ల్యూపీఏ3 ఉందో లేదో కూడా చూడండి. 2020 జులై నుంచి వైఫై పరికరాలను పరీక్షించే వైఫై అలయన్స్ సంస్థ ధ్రువీకరణ పొందే కొత్త పరికరాలకు అది తప్పనిసరి.

మా ఊళ్లో ఒక వేసవిలో కరెంటు హెచ్చుతగ్గులకు మా రౌటర్ అడాప్టర్ కాలిపోయింది. వారంటీ ఉంది కానీ సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉండడంతో, కొరియర్‌లో పంపి తిరిగి తెప్పించుకునేసరికి పిల్లల ఆన్‌లైన్ తరగతులు తొమ్మిది రోజులు ఆగిపోయాయి. అప్పటినుంచి దగ్గరి పట్టణంలో సర్వీస్ సెంటర్ ఉందా, వారంటీ అడాప్టర్‌కూ వర్తిస్తుందా అని అడిగాకే డబ్బు ఇస్తున్నాను. అడాప్టర్ మార్చవలసివస్తే వోల్టులు, పిన్ పొలారిటీ (పిన్‌లో ప్లస్, మైనస్ ఉండే తీరు) పాతదానివే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువ కాకూడదు.

మేడ ఇంటివారు మెష్ సంగతి, అంటే ఒకటికి మించిన యూనిట్లు కలిసి ఇల్లంతా ఒకే వైఫై అందించే ఏర్పాటు సంగతి, మొదటి రోజే తేల్చుకోవాలి. వేర్వేరు కంపెనీల యూనిట్లు ఒకదానితో ఒకటి కలవకపోవడమే ఎక్కువ కాబట్టి, ఇప్పుడు కింద పెట్టే రౌటర్‌తోనే రేపు పైఅంతస్తులో పెట్టవలసిన కంపెనీ కూడా ఖాయమైపోతుంది. ఇంటికి రంగులు వేయించే పని ఉంటే ఆలోపే పైకి ఒక లాన్ కేబుల్ లాగించండి. శ్లాబు దాటేసరికి బలహీనపడే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మీద పైయూనిట్ ఆధారపడే అవసరం ఉండదు.