ట్రైనర్ మీద చలికాలం: ఏ ఇబ్బందికి ఏం చేయాలి

చలికాలంలో ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని ఉన్నచోటే నిలబెట్టి తొక్కే పరికరం) ఎక్కిన చాలామంది కొద్ది రోజులకే ఫిట్‌నెస్ పడిపోయిందని దిగులు పెట్టుకుంటారు. చాలాసార్లు కాళ్లు బాగానే ఉంటాయి, గాలి తగలకపోవడమే అసలు ఇబ్బంది, అందుకే అక్కణ్ణించే మొదలుపెడదాం.

బయట తేలిగ్గా వచ్చే వాట్లు ఇంట్లో రావట్లేదు, హార్ట్ రేట్ పెరుగుతూనే ఉంది

మనం ఖర్చుపెట్టే శక్తిలో పెడల్ దాకా చేరేది సుమారు 20 నుంచి 25 శాతమే, మిగతాదంతా వేడి. అంటే మీరు 200 వాట్లు తొక్కుతుంటే ఒంట్లో 600 వాట్లకు తగ్గకుండా వేడి పుడుతోంది. రోడ్డు మీదైతే ఆ వేడినీ చెమటనీ గాలి లాగేస్తుంది. గదిలో ఆ గాలి లేదు కాబట్టి ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది, అవే వాట్లకి గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది.

పెద్ద ఫ్యాన్ ఒకటి ఎదురుగా, ఛాతీకీ ముఖానికీ తగిలేలా పెట్టండి. చెమట పట్టేదాకా ఆగొద్దు, వార్మప్‌లోనే వేసేయండి. కిటికీ తెరిస్తే చాలదా అంటే, చాలదు, గాలి ఒంటి మీదుగా కదలాలి. నీళ్ల బాటిల్ చేతికి అందేచోట ఉంచి మధ్యమధ్యలో తాగుతూ ఉండండి. ఇవన్నీ చేసినా కొంత తేడా మిగిలితే అది మామూలే, ఇంట్లో విడిగా ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ వాట్లు) టెస్ట్ చేసి ఇంటి సెషన్లకు ఆ అంకెనే వాడండి.

అదే శ్రమ, వాట్లు మాత్రం రోజుకో రకం

వెనక చక్రం రోలర్‌కి ఆనే ట్రైనర్లలో ఇది ఎక్కువ. టైర్‌లో గాలి తగ్గినా, రోలర్ ఒత్తిడి మారినా, టైర్ వేడెక్కినా అంకె జరుగుతుంది. ప్రతిసారీ టైర్‌లో ఒకే ప్రెజర్ పెట్టుకుని, ఓ 10 నిమిషాలు తొక్కి వేడెక్కాక కాలిబ్రేట్ చేయండి, అంటే ట్రైనర్ కొలతని సరిచేసుకోండి. గట్టిగా తొక్కినప్పుడు టైర్ జారుతుంటే రోలర్‌ని కాస్త బిగించాలి.

ఈఆర్‌జీ మోడ్‌లో పెడల్ ఉన్నట్టుండి గోడలా బిగిసిపోతోంది

ఈ మోడ్‌లో మీ కేడెన్స్ (నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ లెక్క) ఎంతైనా ట్రైనర్ అవే వాట్లు ఇవ్వాలని చూస్తుంది. కేడెన్స్ 90 నుంచి 60కి పడితే అవే వాట్లకి ఒకటిన్నర రెట్లు గట్టిగా తొక్కాలి, దాంతో కేడెన్స్ ఇంకా పడుతుంది, బరువు ఇంకా పెరుగుతుంది, చివరికి కాళ్లు ఆగిపోతాయి. గేర్లు మార్చి లాభం లేదు. టార్గెట్ తగ్గించండి, లేదా కొన్ని సెకన్లు ఆపి కేడెన్స్ పెంచుకుని మళ్లీ అందుకోండి. ఇంటర్వెల్ మొదలయ్యే ముందే కేడెన్స్ కొంచెం పెంచి ఉంచితే అసలు ఈ బాధే రాదు.

సాడిల్ (సీటు) మీద తిమ్మిరి

రోడ్డు మీద మలుపులకీ గుంతలకీ తెలియకుండానే లేస్తుంటాం, ఇంట్లో కదలకుండా కూర్చునే ఉంటాం. ప్రతి 10 నిమిషాలకోసారి లేచి అర నిమిషం నిలబడి తొక్కండి. అయినా తగ్గకపోతే సాడిల్ ఎత్తూ వంపూ చూసుకోండి, తిమ్మిరిని మాత్రం భరించొద్దు.

సిగ్నల్ తెగిపోతోంది

బ్లూటూత్‌లో చాలా ట్రైనర్లు ఒకసారికి ఒక పరికరంతోనే కలుస్తాయి. ముందు ఫోన్‌లో ట్రైనర్ యాప్ ఏదైనా తెరిచి ఉందేమో చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. యాంట్ ప్లస్ (బ్లూటూత్ లాంటి మరో వైర్‌లెస్ పద్ధతి) డాంగిల్ అయితే యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో ట్రైనర్ దగ్గరకు తేవాలి.

స్క్రీన్ మీద సైకిల్ రేసు చూస్తూ తొక్కితే తేలిక సెషన్ కాస్తా పోటీ అయిపోతోంది

నాకు ఇష్టమైన సమస్య ఇదే, ఎందుకంటే రేసు లేకుండా చలికాలం తొక్కడం నాకు ఊహకే అందదు. ఎవరో అటాక్ చేస్తారు (గుంపును వదిలి ఒక్కసారిగా ముందుకు దూకుతారు), కామెంటేటర్ గొంతు పెరుగుతుంది, మీ వాట్లు కూడా పెరుగుతాయి. దీనికి రేసు మానక్కర్లేదు, సెషన్‌కి తగిన రేసు ఎంచుకుంటే చాలు. ఎలీట్ పురుషుల సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల్లో చుట్లు తిరిగే) రేసు సుమారు ఒక గంట, ప్రతి మలుపు తర్వాతా మళ్లీ వేగం అందుకోవాల్సిందే, కాబట్టి అది ఇంటర్వెల్ రోజుకి సరిగ్గా సరిపోతుంది: ఒక ల్యాప్ గట్టిగా, ఒక ల్యాప్ తేలిగ్గా. డచ్ రైడర్ మాథ్యూ వాన్ డర్ పూల్ మలుపు దాటగానే ఎలా లేచి తొక్కుతాడో చూస్తూ మీరూ లేవండి.

పొడవాటి తేలిక సెషన్‌కి మిలాన్-సాన్‌రెమో లాంటిది కావాలి. ఇటలీలో జరిగే దాదాపు 300 కిలోమీటర్ల రోడ్డు రేసు, గంటల తరబడి ప్రశాంతంగా సాగుతుంది, అసలు కథ చాలావరకు చివరి 30 కిలోమీటర్లలో వచ్చే చిప్రెస్సా, పొజ్జో కొండల మీదే ఉంటుంది. 2025లో స్లొవేనియా రైడర్ పొగాచర్ చిప్రెస్సా మీదే అటాక్ చేశాడు, చివరి స్ప్రింట్‌లో గెలిచింది వాన్ డర్ పూల్. అలాంటి ముగింపు వచ్చేసరికి మీ సెషన్ అయిపోయేలా లెక్కేసుకోండి, లేదంటే వాట్లు అదుపులో ఉండవు. రికవరీ రోజున ఈఆర్‌జీ మోడ్ ఆన్ చేసి, ఫలితం తెలిసిన పాత రేసు పెట్టుకోండి.

స్క్రీన్ పక్కన కాకుండా ఎదురుగా ఉండాలి, లేదంటే మెడ నొప్పి రావచ్చు. కామెంటరీ వినబడట్లేదని ఫ్యాన్ మాత్రం తగ్గించకండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.