మొబైల్ యాప్ డీబగ్ చేస్తూ స్టెప్ ఓవర్ (ఒక్కో లైన్ నడిపే బటన్) కొడితే లైన్లు ఎటో దూకుతున్నాయా? డీబగ్గర్‌ని (కోడ్‌లో తప్పులు వెతికే టూల్) తిట్టే ముందు ఇవి చూస్కోండి

- ముందు బిల్డ్ వేరియంట్ (యాప్ డీబగ్ రకమా, రిలీజ్ రకమా) చూడండి. రిలీజ్‌లో ఉంటే ఆర్8 అనే ఆండ్రాయిడ్ టూల్ కోడ్‌ని కుదించి, ఫంక్షన్లని ఒకదాంట్లో ఒకటి కలిపేస్తుంది, ఇక లైన్ నంబర్లు కలవమంటే ఎలా కలుస్తాయి, డీబగ్‌కి మార్చి మినిఫై (ఈ కుదింపు) ఆఫ్ చేసి అప్పుడు డీబగ్గర్‌ని అటాచ్ చేయండి. ఐఫోన్ వాళ్లయితే ఎక్స్‌కోడ్‌లో (యాపిల్ యాప్‌లు రాసే టూల్) ఆప్టిమైజేషన్ లెవెల్ 'None' అని ఉందా చూడండి.

- ఫోన్లో పాత ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ ఫైల్) ఉందేమో, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. నేనైతే దీనికే ఒక పూట మొత్తం తగలేశా 😅

- ఆండ్రాయిడ్ సొంత కోడ్‌లోకి దిగాలంటే ఫోన్ ఏపీఐ లెవెల్ (ఆండ్రాయిడ్ వెర్షన్‌కి ఉండే నంబర్), మీరు దించుకున్న సోర్సులు ఒకటే అవ్వాలి. కంపెనీ వాళ్లు మార్చిన ఓఎస్ అయితే అప్పుడు కూడా తేడా కొట్టొచ్చు, ఎమ్యులేటర్ (కంప్యూటర్లో నడిచే నకిలీ ఫోన్) బెటర్.

- కొరుటీన్లుంటే (మధ్యలో ఆగి మళ్లీ నడిచే కోడ్) సస్పెండ్ అయ్యాక, అంటే ఆగాక, వేరే థ్రెడ్‌లో లేవొచ్చు, ఆగిన చోటుకి అవతల లైన్లో కూడా బ్రేక్‌పాయింట్ (డీబగ్గర్ ఆగే గుర్తు) పెట్టుకోండి.