రోజువారీ పరుగుకు తేలికైన బూట్లు కొనే ముందు జాగ్రత్తలు

అనంతపురంలో తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తేవారు బూట్లు కొనడానికి మాత్రం సాయంత్రం వెళ్లడం మంచిది. రోజంతా తిరిగిన పాదం కొంత ఉబ్బి ఉంటుంది గనుక, అప్పుడు సరిపోయిన జత పరుగులో బిగుసుకుపోదు. పరుగులో వేసుకునే మేజోళ్లే తొడుక్కుని, రెండు పాదాలకూ వేసి నిలబడి, అన్నిటికంటే పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉందో లేదో నొక్కి చూడాలి. మడమ జారకూడదు.

ఒక్కో బూటు సుమారు 250 గ్రాముల లోపు ఉంటే తేలికైనదిగానే లెక్క. అయితే తూకం తగ్గించడానికి అడుగు రబ్బరును మరీ పలుచన చేసిన బూట్లు కంకర తేలిన మన సర్వీసు రోడ్లపై త్వరగా అరిగిపోతాయి కాబట్టి, బూటును తిరగేసి, మడమ బయటి అంచున గట్టి రబ్బరు ఉందా, లేక మెత్తని ఫోమే నేరుగా నేలను తాకుతోందా అని పరిశీలించాలి. అడుగు భాగంలో కార్బన్ ప్లేటు (గట్టి కార్బన్ రేకు) ఉన్న పోటీ బూట్లు రోజువారీ సాధనకు దండగ ఖర్చనే చెప్పాలి. మడమకూ మునివేళ్లకూ మధ్య ఎత్తు తేడా చాలా బూట్లలో 4 నుంచి 12 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. పాత జతతో పోలిస్తే ఈ తేడా ఒక్కసారిగా తగ్గితే పిక్కలపై భారం పెరుగుతుంది గనుక, కొన్నాళ్లు రెండు జతలనూ మార్చి మార్చి వాడాలి.

పైభాగం గాలి ఆడే జాలీ గుడ్డతో ఉండాలి. తడిసిన బూట్లను మే నెల ఎండలో మిద్దె మీద ఆరబెడితే జిగురు ఊడవచ్చు, నీడ చాలు.